గోడకెక్కిన రొట్టె

మనుబోలు,
శుక్రవారం, మధ్యాహ్నం నమాజు అయ్యాక.

చిరంజీవి షబానాకు అక్క షమీమ్ సలాము చెప్పి, దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, బావ, ముబీన్, నేను అల్లా దయవల్ల ఒంట్లో బాగానే ఉన్నాం. మనసుల సంగతి కింద రాస్తాను. అక్కడ నువ్వూ, మీ ఆయన షఫీకూ బాగున్నారని తలుస్తాను.

ఉత్తరమెందుకు, ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటావు. ఫోన్ చేస్తే అమ్మ పక్కకొచ్చి కూర్చుని "స్పీకరు పెట్టు మే, నా బిడ్డ గొంతు నేనూ ఇంటా" అంటుంది. అమ్మ వినకూడని మాటలు ఇందులో ఉన్నాయి. పైగా ఫోన్లో నాకు కోపమొస్తే ఏడుపొస్తుంది, ఏడుపొస్తే చెప్పాల్సింది మర్చిపోతాను. నువ్వేమో సిగ్నల్ లేదని పెట్టేస్తావు. కిందటివారం నువ్వు కూడా ఫోటోలతో పాటు కొరియర్లో ఉత్తరమే పంపావు కాబట్టి సరికి సరి.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. అమ్మ మోకాలు కొంచెం నిమ్మళించింది. నువ్వు పంపిన నూనె వాసన పడటం లేదంటే ఆముదమే వెచ్చచేసి రాస్తున్నాను. బావ కొట్లో బేరాలు పోయినేడు లాగానే ఉన్నాయి. అందరూ ఫోము పరుపులంటున్నారు, దూది పరుపులు మాత్రం పెళ్లిళ్ల కాలంలో కదులుతాయి. ముబీన్ సైకిలు నేర్చుకుంటూ రెండు మోచేతులూ చెక్కుకున్నాడు. పిన్నమ్మ వచ్చేదాకా కట్టు విప్పనని మొండికేశాడు, చివరికి అదే ఊడిపోయింది.

ఇక ఎగ్జిబిషన్ ఎలా ఉందో మొహమాటం లేకుండా రాయమన్నావు. రమ్మని పిలిచింది నువ్వు, నువ్వేమో ఊరు రాలేనని మమ్మల్ని పంపావు. సరే, మొహమాటం లేకుండానే రాస్తాను. నాకు అసహ్యం వేసింది. ఇంటికొచ్చి కాళ్లూ చేతులూ కడుక్కుని, స్నానం చేసి, అప్పటికీ పోక మళ్లీ ముఖం కడుక్కున్నాను.

ఆ ఆదివారం అమ్మా నేనూ ఇక్కడ బస్సెక్కి నెల్లూరులో దిగి, ఆటోలో మైపాడు రోడ్డుకు పోయాం. అమ్మ పండక్కి కట్టుకునే ఆకుపచ్చ చీర కట్టింది. ఆటో అబ్బాయి అడక్కుండానే "మా చిన్నపాప బొమ్మలు పెట్టుండారు నాయనా, పేపర్లో పేరు గూడా పడింది, చూసేదానికి పోతా ఉండాం" అని చెప్పింది. ఆ అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు. అమ్మ ముఖంలో ఆ వెలుగు చూసి నేనూ పొంగిపోయాను. అది ముందు రాసి పెడుతున్నాను, తర్వాత రాసేది చదివి అక్కకి నా మీద అసూయ అనుకోకు.

మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలో కదా మీ ప్రదర్శన. గోడలకి పాత చేపల కంపు ఇంకా పట్టుకునే ఉంది. ఆ వాసన కావాలనే కడగకుండా ఉంచామని, అది కూడా కళలో భాగమని గుమ్మం దగ్గర ఒక అమ్మాయి ఇంగ్లీషూ తెలుగూ కలిపి చెప్పింది. అదంతా తన చేతుల మీదుగా నడిపిస్తోందని నువ్వు రాసిన ఎవాంజెలిన్ ఆమే. మాకు వాసన చూడమని చెప్పి తను మాత్రం ముక్కుకి మాస్కు వేసుకుంది.

మొదటి గదిలో నేలంతా కరెంటు ఫ్యాక్టరీల బొగ్గు బూడిద. చెప్పులు విప్పి దాని మీద నడిస్తే సముద్రపు ఒడ్డు ఊళ్లవాళ్ల బాధ మనకి తెలుస్తుందట. అమ్మ కుచ్చిళ్లు పైకెత్తుకుని "ఇంతమంది ఉండారు, ఒక్కరన్నా ఊడవలా" అంది. బూడిదతో ఇబ్బంది పడే ఊళ్లు ఉన్నాయి, నేను కాదనను. కానీ అందులో నడిచినవాళ్లు బయటికొచ్చి కుళాయి దగ్గర పాదాలు కడుక్కుని, కాగితం రుమాళ్లతో వేళ్ల సందులు తుడుచుకుని ఫోటోలు చూసుకుంటున్నారు. రెండో గదిలో గాజు జాడీల నిండా చచ్చిన రొయ్యలు, నీళ్లు పచ్చబడి, మూతల మీద ఉత్తుత్తి డాలరు నోట్లు. ఒక జాడీ కారుతోంది. ఆ బల్ల చివరే సమోసాలూ కాఫీ పెట్టారు. ఒకాయన సమోసా నములుతూ ఆ జాడీలో ముఖం పెట్టి "పవర్‌ఫుల్" అన్నాడు.

నేను రాజకీయాలంటే ముక్కు మూసుకునే రకం కాదని నీకు తెలుసు. హైవే వెడల్పులో మన కొట్టు ముందుభాగం పోయినప్పుడు బావతో పాటు కలెక్టరాఫీసు ముందు ఎండలో నేనూ కూర్చున్నాను, అన్నం మూటలు మోసుకుపోయాను. అడగాల్సింది అడగాలి. కళ మనిషిని ఇబ్బంది పెట్టాలని నీ ఉత్తరంలో పెద్ద పేరా రాశావు. ఇబ్బంది పెట్టాల్సింది ఎవర్ని అని నాకు నువ్వు చెప్పలేదు.

చివరి గది నీది. దాని గురించి రాసే ముందు మొన్నటి రొట్టెల పండగ గుర్తు చేస్తాను. నువ్వు మర్చిపోయి ఉండవు, అయినా నా నోటితో నేను చెప్పుకోవాలి.

ముబీన్ పుట్టకముందు నేను ఎన్నేళ్లు ఎవరి ముఖమూ చూడలేక తిరిగానో నీకు తెలుసు. చివరికి ఒక ఏడు దర్గా పక్కన స్వర్ణాల చెరువులో తల మీద కొంగు కప్పుకుని, ఎవరో కావలినుంచి వచ్చిన ఆమె చేతిలోంచి సంతాన రొట్టె తీసుకుని నీళ్లలోనే తిన్నాను. కోరిక తీరాక మనం అదే రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి కదా, అందుకని బిడ్డ పుట్టినప్పటినుంచి ఏటా కాల్చుకుపోయి పంచుతున్నాను. మొన్న పండక్కి నువ్వొచ్చావు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె, ఏ బోర్డు కింద చూసినా నువ్వే చేతులు చాపుతున్నావు. "ఆశపోతుదానా, చెరువంతా నీకేనా" అని నవ్వాను. ఆఖరికి నా దగ్గరికే వచ్చావు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి దోసిలి పట్టి "అక్కా, నాకియ్యి" అన్నావు.

నేనేం అడగలేదు. అడగకూడదు కూడా. నీ పెళ్లయి ఇన్నేళ్లయినా పిల్లల మాట ఎత్తితే విసుక్కునేదానివి, అందుకని మేమూ ఎత్తడం మానేశాం. నువ్వే వచ్చి అడిగేసరికి ఉన్నవాటిలో పెద్దది ఏరాను. రొట్టె నీ దోసిట్లో పెట్టి, నీ వెనక ఎవరో తోసుకొస్తుంటే పక్కకి జరిగాను. నేను ఇవ్వడం మెట్ల మీద కూర్చున్న అమ్మ చూసింది. ఆరోజు నుంచి అమ్మ ప్రతి నమాజులో నీ పేరు చెప్పి దువా చేస్తోంది. బావ చేత బూరుగు దూది తెప్పించి, ఒక్కొక్క గింజా ఏరి, పసిబిడ్డకి సరిపడా చిన్న పరుపు కుడుతోంది. నీకు చెప్పొద్దంది, దిష్టి తగులుతుందని.

ఇప్పుడు నీ గది. గోడ నిండా అద్దాల పెట్టెలు, పెట్టెకొక రొట్టె, కింద అట్టముక్క మీద రాత. ఆరోజు ప్రతి బోర్డు కిందా నువ్వు ఎవరెవరి చేతుల్లోంచో దైవం పేరు మీద తీసుకున్న రొట్టెలన్నీ ఎండిపోయి, అంచులు లేచిపోయి లైట్ల కింద ఉన్నాయి. మధ్యలో ఉన్నది నాది. నేను కాల్చిన రొట్టెని నేను పోల్చుకోలేనా? పిండిలో నువ్వులు కలిపేది మన ఇంట్లోనే. దాని కింది అంచు మీద అతికించిన అట్టముక్క చదివాను. "కనమని ఒక నాయకుడు, కనొద్దని ఒక నాయకుడు. వాళ్ల ఓట్ల లెక్కలకి నా కడుపు పలక కాదు. మా ఇంటివాళ్ల మొక్కులకీ కాదు. ఈ రొట్టె తీసుకున్నాను. తినలేదు."

నాయకుల గురించి రాసింది నిజమే. మనవాళ్ల ఇళ్లలో ఎంతమంది పిల్లలున్నారో మైకుల్లో లెక్కపెట్టేవాళ్లని చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది. ఆ మాట వరకూ రాసి ఆపి ఉంటే నేనే చప్పట్లు కొట్టేదాన్ని. కానీ "మా ఇంటివాళ్లు" అన్నావే, అది ఎవరు మే? నిన్ను ఎవరు కనమన్నారు? వచ్చి దోసిలి పట్టింది ఎవరు? బిడ్డ కోసం నేను ఏడ్చిన ఏడుపుని పిండి చేసి కాల్చిన రొట్టెని అబద్ధమాడి పట్టుకుపోయి మేకుకి తగిలించావు. దొంగ బంగారం తాకట్టు పెట్టినా నాకింత రోత పుట్టేది కాదు.

అంతకన్నా రోత పుట్టించేది తర్వాత జరిగింది. అమ్మకి చదవడం రాదు కదా. లైటు వెలుగులో అద్దం పెట్టెలో రొట్టె, ముందు జనం నోరు మెదపకుండా నిలబడి ఉన్నారు. అమ్మ ఏమనుకుందో తెలుసా? నువ్వు దర్గా ప్రసాదాన్ని పదిమందీ చూసి దువా చేయాలని పెట్టించావనుకుంది. "చూడు మే షమీమూ, ఎంత భక్తిగా పెట్టుకునిందో" అని నా చేయి నొక్కింది. కొంగు తల మీదికి లాక్కుని, అద్దం ముందు నిలబడి, రెండు చేతులూ చాపి దువా మొదలుపెట్టింది. పైకే చేసింది. "యా అల్లా, నా చిన్నబిడ్డ కడుపు పండించు. ఆ బిడ్డను నా చేతులతో ఎత్తుకునే దినం చూపించు" అని.

అట్టముక్క చదివినవాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక అమ్మాయి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఇంకొకాయన పక్కాయన్ని "ఇది కూడా ప్రోగ్రామేనా?" అని అడిగాడు. ఫోన్లు పైకి లేచాయి. నేను అమ్మ భుజం పట్టుకుని లాగబోతే ఎవాంజెలిన్ నా చేయి ఆపింది, ఇంగ్లీషులో ఒక్క నిమిషం అంది. అమ్మ చేతులతో ముఖం తుడుచుకుని కళ్లు తెరిచేదాకా అందరూ తీస్తూనే ఉన్నారు. నువ్వు పంపిన ఫోటో అదే. అది తీసినవాళ్ల పక్కనే నేను ఉన్నాను, ఫోటోలో నా మోచేయి కూడా పడింది.

తర్వాత ఎవాంజెలిన్ అమ్మ దగ్గరికొచ్చి చాలా మర్యాదగా అడిగింది.

"అమ్మగారూ, రేపు కూడా రాగలరా? ఇక్కడ స్టూలు వేయిస్తాం. మీరు కూర్చుని ఇలాగే దువా చేస్తే చాలు. ఆటో మేమే పంపిస్తాం."

అమ్మ సంబరపడింది. "ఎందుకు రాను బిడ్డా! నా బిడ్డ కోసం ఇంతమంది ముందర దువా చేసేదానికి రానా? ఉండినన్ని దినాలూ వస్తా."

నేను "అమ్మకి మోకాలు నొప్పి, రాదు" అన్నాను. అమ్మ నన్ను కసిరింది. "నీకెందుకు మే మధ్యలో, నీ బిడ్డ నీ ఒళ్లో ఉండాడు గదా" అంది. ఆ మాట నాకు ఎక్కడ గుచ్చుకుందో నీకు తెలుసు. అయినా నోరు మూసుకున్నాను. నిజం చెబితే అక్కడే, ఆ ఫోన్ల ముందు అమ్మ కూలబడిపోయేది.

ఫోటోని కేరళలో పెద్ద ప్రదర్శనకి పోస్టరుగా వేస్తారని, అమ్మ చేత ఒప్పుకున్నట్టు వేలిముద్ర వేయించమని రాశావు. వేయించను. అమ్మ ఒప్పుకుంటుంది, నీ పేరు చెబితే దేనికైనా ఒప్పుకుంటుంది, అందుకే వేయించను. అమ్మ దువా పక్కన చేరడంతో నీ అట్టముక్క మీది రాత ఇంకా బాగా పండిందని ఒక్క ముక్క ఎలా రాయగలిగావు షబానా? ఆ వాక్యం దగ్గర ఉత్తరం కింద పడేసి లేచిపోయాను. బావ తీసి చదివి, మడిచి పెట్టాడు.

ఇక నువ్వు ఆఖర్న అడిగినది. మధ్యలో పెట్టె పోయిందట, ఎవరో తీసుకుపోయారట, అది లేకపోతే కేరళవాళ్లు తీసుకోరట, మాకేమైనా తెలుసా అని అడిగావు. తెలుసు. నేనే తీసుకొచ్చాను.

ఎవాంజెలిన్ అమ్మకి స్టూలు తెప్పించడానికి పోయింది. జనం కాఫీల దగ్గరికి పోయారు. పెట్టె మేకుకి క్యాలెండరు లాగా తగిలించి ఉంది, పైకెత్తితే వచ్చేసింది. పరుపుల గుడ్డలు తెచ్చుకునే నా పెద్ద సంచీలో పెట్టుకుని అమ్మ చేయి పట్టుకుని బయటికి నడిచాను. ఆటోలో యాసిన్ సూరా చదువుకుంటూ కూర్చున్నాను. దొంగతనం చేసి యాసిన్ చదివింది మన వంశంలో నేనే మొదటిదాన్నేమో. మర్నాడు ఎవాంజెలిన్ ఫోన్ చేసి పెట్టె పోయింది, అమ్మగారు రానక్కర్లేదు అంది. నాకు కావాల్సిందీ అదే. అమ్మ మాత్రం ఆరోజంతా చిన్నబోయి కూర్చుంది. బావకి చెబితే "దొంగసొత్తు కొట్లో దాస్తే ఊరుకునేది లే, ఇంట్లోనే పెట్టుకో" అన్నాడు, అంతకు మించి తిట్టలేదు.

ఆ రొట్టెని తీసి స్వర్ణాల చెరువులో చేపలకి వేద్దామనుకున్నాను. నువ్వు తినలేదు కదా, చేపలన్నా తింటే నా మొక్కుకి తప్పు రాదని. అమ్మ పక్కింటికి పోయినప్పుడు వెనక రేకు విప్పి, అద్దం తీసి, నీ అట్టముక్క ఊడదీశాను. జిగురు గట్టిగా పట్టింది, మెల్లగా లాగాను.

అట్ట కింద రొట్టె అంచు లేదు.

ముందు ఎలుక కొట్టిందనుకున్నాను. కిటికీ దగ్గరికి పట్టుకుపోయి చూశాను. ఎలుక కాదు. నోటినిండా పెట్టుకుని కొరికిన కొరుకు. ఒక పక్క, పన్ను మీద పన్ను మొలిచిన చోట దిగిన గాటు కూడా ఉంది. మన ఇంట్లో ఆ పన్ను ఎవరిదో నేను నీకు చెప్పాలా?

ఇన్నాళ్లూ నీ మీద పెంచుకున్న కోపమంతా ఒక్కసారి జారిపోయింది. కాసేపటికి అంతకు రెండింతలై తిరిగొచ్చింది. ఆ చెరువులో జనం తోపులాటలో, మేమెవరం చూడకుండా, నువ్వు కొరికావు. అక్క ముందు కూడా చెప్పుకోలేని కోరిక ఒకటి నీకు ఉంది. దాని మీద అట్టముక్క అతికించి "తినలేదు" అని రాసి, ఊళ్లోవాళ్ల ముందు ధైర్యవంతురాలివని అనిపించుకున్నావు. రొయ్యల జాడీ కంపు కన్నా, అమ్మ మీదికి లేచిన ఫోన్ల కన్నా, ఇదే నాకు ఎక్కువ రోత పుట్టించింది. జాలి కూడా వేసింది, దాచను. రోతా జాలీ ఒకేసారి కలగడం ఏమిటో నాకు తెలియదు, కలిగాయి.

నీకు పిల్లలు వద్దంటే వద్దు. అలా అనుకున్న ఆడవాళ్లని నేను తప్పు పట్టను, అది ఎవరి ఒంటి సంగతి వాళ్లది. ఆ మాటే నిజమైతే నీ గోడ మీద రాసుకో, ఇంటికొచ్చి మా ముందు కూడా చెప్పు. అమ్మ రెండు రోజులు ఏడుస్తుంది, తర్వాత నీకు ఇష్టమైన కూర చేస్తుంది. ఒకవేళ కావాలనుకున్నావనుకో, కావాలనుకుని, రాక, మీ ఇద్దరూ డాక్టర్ల చుట్టూ తిరిగి చెప్పుకోలేకపోతున్నారనుకో, అందులో సిగ్గేముంది? నేను పడలేదా? నీ స్నేహితుల ముందు చిన్నబోతావని భయమా? నీళ్లలో దోసిలి పట్టినంత మాత్రాన నీ చదువు కరిగిపోదు.

పెట్టె, అద్దం, అట్టముక్క రేపు కొరియర్లో పంపుతున్నాను. ఎవాంజెలిన్‌కి అక్క దొంగిలించిందనే చెప్పు, పోలీసుల దగ్గరికి పోతే పోనీ, నా రొట్టె నేను తెచ్చుకున్నానని నేనే చెప్పుకుంటాను. రొట్టె మాత్రం పంపను. చేపలకీ వేయలేదు. పొడి గుడ్డలో చుట్టి అల్మారా పై అరలో పెట్టాను.

అమ్మ ఇప్పుడు వరండాలో కూర్చుని ఆ చిన్న పరుపుకి చివరి అంచు కుడుతోంది. ఎవరికని అడిగే ధైర్యం నాకు లేదు, ఆపమనే ధైర్యమూ లేదు. నువ్వేం రాస్తావో దాన్ని బట్టి నేను ఆమెకి చెప్పాలి. అందుకని కళ గురించి, సమాజం గురించి ఇంకేమీ రాయకు. నాకు ఒక్క మాట కావాలి. ఆరోజు చెరువులో కొరికిన ఆ ముక్కని మింగావా, ఉమ్మేశావా?

ఇట్లు,
కోపం ఇంకా తీరని,
నీ అక్క
షమీమ్